మూడు దార్ల దిష్టి

“వచ్చే ఆదివారం లోపల నీ కొడుకును మీ పుట్టింటికి, వేములకు పంపించెయ్ సుబ్బమ్మా. పంపకుంటే వాని పేరు మేమే స్టేషన్లో ఇస్తాం.”

ఈ మాట పరాయివాడు అని ఉంటే అక్కడే చెప్పు తీసేదాన్ని. అన్నది నారాయణ. చనిపోయిన మా ఆయనకు పెద్దనాన్న కొడుకు, వరసకు నాకు బావ, మా కాలనీ సంఘానికి అధ్యక్షుడు.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు పక్కన, మొన్నమొన్నటి దాకా శనగ పండిన నల్లరేగడి చేనును ప్లాట్లు వేసి అమ్మితే తయారైన కాలనీ మాది. ఇళ్ళు సగం, కంపచెట్లు సగం. పొద్దు వాలేసరికి ఆ కంపల మాటుకు ఎక్కడెక్కడి కుర్రవాళ్ళో బైకులేసుకుని వచ్చి గంజాయి పీల్చడం, దారిన పోయే ఆడపిల్లల మీద కూతలు కూయడం ఎండాకాలం నుంచి మరీ ఎక్కువైంది. పోయిన వారం శేషగిరి సారు కోడలి మెడలో గొలుసు తెంపుకుని పోయారు. దాంతో సంఘం కూర్చుంది. కూర్చుని, గంటసేపు ఒకరి మీద ఒకరు అరుచుకుని, చివరికి నన్ను ఆఫీసుకు పిలిపించి అందరూ కలిసి నా మీద పడ్డారు.

ఎందుకంటే నా కొడుకు హర్ష ఒకప్పుడు ఆ గంజాయి తాగినవాడే. దాచేదేముంది, అందరికీ తెలుసు. దాని మత్తులో కాలేజీ మానేశాడు, తిండి మానేశాడు, నన్ను అమ్మా అనడం కూడా మానేశాడు. చెయ్యి పట్టి లాక్కుపోయి తిరుపతి దగ్గర మత్తు మాన్పించే ఒక సెంటర్లో చేర్పించాను. ఉగాది అయ్యాక మనిషై తిరిగొచ్చాడు. ఇప్పుడు ప్రొద్దుటూరులో మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పని చేస్తున్నాడు. పొద్దున పోతాడు, సాయంత్రం వస్తాడు, పెట్టింది తింటాడు.

“వాడు మానేసినాడు గద బావా. పనికి పోతాండాడు. మీ కండ్లకు అగుపడడంల్యా?”

“మానేసినోడు రోడ్డున పోవల్ల గదమ్మా,” అన్నాడు శేషగిరి సారు. సంఘానికి కార్యదర్శి, బడిపంతులుగా రిటైరైన మనిషి. కోడలి గొలుసు పోయిన మంట ఆయన గొంతులో ఉంది. “మీవాడు రోజూ మురుక్కాలువ గట్టున, కంపల్లో బడి పోతాడు. సాయంత్రం అట్లే వస్తాడు. ఇంటి ముందర సిమెంటు రోడ్డు పెట్టుకొని కాలువ గట్టున తిరిగే పనేముంది? ఆ కంపల్లో ఎవురికి ఏమిచ్చిపోతాండాడు?”

జవాబు లేనప్పుడు నాకు కోపం రెండింతలు వస్తుంది.

“మీ ఇండ్లల్ల పిల్లోళ్ళంతా పాలు తాగేటోళ్ళు, నా కొడుకొకడే గంజాయి తాగేటోడు! అంతే గదా? పడినోని మీదే బండ వెయ్యండి. లేసి నిలబడినోన్ని మళ్ళ పడెయ్యండి. మీ సంఘానికి అంతకన్న చేతనవుతాదా?”

“చిన్నమ్మా, నెమ్మదిగా మాట్లాడు,” అన్నాడు తలుపు దగ్గర నిలబడిన పవన్. నారాయణ బావ కొడుకు. కాలనీలో మినరల్ వాటర్ ప్లాంటు నడుపుతాడు, ఆటోలో ఇంటింటికీ క్యాన్లు వేస్తాడు. పెద్దవాళ్ళు కనబడితే బండి ఆపి పలకరిస్తాడు. ‘పవన్‌ను చూసి నేర్చుకోరా’ అని కాలనీలో ప్రతి తల్లీ కొడుక్కు చెప్పేది. నేనూ చెప్పాను. “మన హర్ష మంచికే గద చెప్తాండేది. ఊర్లో ఉంటే గాలి మారుతాది.”

“వానికి మారాల్సిన గాలి మారింది. ఈడ మారాల్సింది మీ కండ్లు,” అని లేచి వచ్చేశాను.

వచ్చేశాను గానీ, ఆ కాలువ గట్టు మాట ముల్లులా గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే అది ముందునుంచే నాలో గుచ్చుకుని ఉంది. హర్ష ప్యాంటు ఉతకబోయినప్పుడల్లా అంచుల నిండా ఉత్తరేణి గింజలు. చెప్పుల అడుగున పల్లేరు ముళ్ళు. అవి ఏరుతూ ఏరుతూ నేనే ఎన్నిసార్లో అనుకున్నాను, వీడు ఎక్కడ తిరుగుతున్నాడు అని. అనుకుని ఊరుకునే దాన్ని కాదు. వాడు స్నానానికి పోతే జేబులు వెతికేదాన్ని, చొక్కా వాసన చూసేదాన్ని. ఏమీ దొరికేది కాదు. దొరకకపోతే నమ్మకం రావాలి కదా, రాదు. ఇంకా బాగా దాస్తున్నాడేమో అనిపిస్తుంది.

ఆ సాయంత్రం హర్ష వెనక వాకిలి నుంచే వచ్చాడు. చేతులకు వార్నిష్ మరకలు, ప్యాంటుకు మళ్ళీ అవే గింజలు.

“యాడ నుంచి వస్తాండావురా?”

“షాపు నుంచి.”

“షాపు రోడ్డు పక్కనుంది. నువ్వు వచ్చింది కాల్వ పక్కనుంచి. కాల్వ గట్టున ఏం పనిరా నీకు?”

“ఏం పని ల్యా. అట్ల వస్తాండా, అంతే.”

“అంతే అంటే అయిపోతాదా? సంఘం కూర్చుని నిన్ను ఊరు దాటిస్తామంటాండారు. ఎందుకు పోతాండావో ఒక్క మాట చెప్పు, పోయి వాళ్ళ మొగాన కొడతా.”

వాడు నా వైపు చూశాడు. చెప్పబోయినట్టే అనిపించింది. అంతలో వాడి చూపు కొక్కేనికి తగిలించిన వాడి చొక్కా మీద పడింది. జేబు గుడ్డ బయటికి తిరగేసి ఉంది. వెతికి, మళ్ళీ లోపలికి నెట్టడం మరిచింది నేనే.

“వెతుకుతాండావు గదా. దొరికినప్పుడు అడుగు,” అన్నాడు. అన్నం తినకుండా పడుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. వాడి మీద, సంఘం మీద, ఆ గంజాయి పండించినవాడి మీద, అందరి మీదా.

పొద్దున వాడు పనికి పోయాక, అభిమానం చంపుకుని నారాయణ బావ ఇంటికి పోయాను. మాది రైతు కుటుంబం. పులివెందుల దగ్గర వేములలో మా పుట్టింటివాళ్ళు ఒకరి గడప తొక్కి కాళ్ళబేరం ఆడింది నేనెరగను. కొడుకు కోసం ఆడాను.

“బావా, ఊర్లో వానికి పని యాడుంది? ఆడ ఒంటిగా చీనీ తోటకాడ కూర్చుంటే వాని మనసు మళ్ళ దాని మీదికే పోతాది. ఈడ పనుంది, నేనుండా. నీ తమ్ముని కొడుకు. వాని జోలికి రావద్దని నువ్వొక్క మాట చెప్తే ఎవురూ రారు.”

నారాయణ బావ మజ్జిగ తెప్పించాడు. మర్యాదకు తక్కువ లేదు. “నేను అధ్యక్షున్ని గాకపోతే చెప్పేటోన్నే సుబ్బమ్మా. సొంతోళ్ళని వెనకేసుకొచ్చినానంటారు. కాలనీ పేరు చెడిపోతే ఈ ప్లాట్ల వైపు ఎవురు చూస్తారు చెప్పు?”

ప్లాట్ల మీద ఉన్న ప్రేమ తమ్ముడి కొడుకు మీద లేదని అర్థమైంది. మజ్జిగ తాగకుండా లేచాను. వాకిట్లో పవన్ క్యాన్లు ఆటోకెక్కిస్తున్నాడు. “బాధపడొద్దు చిన్నమ్మా,” అన్నాడు. వాడి గొంతులో జాలి ఉంది, నాకు ఇంకా ఎక్కువ కాలింది.

నా ఇల్లు మూల ఇల్లు. దాని ముందరే మూడు దార్లు కలుస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కన. దిష్టి తీసి పడెయ్యడానికి మూడు దార్ల కన్నా మంచి చోటు ఏముంటుంది? కాలనీలో ఎవరింట్లో బిడ్డకు జ్వరమొచ్చినా, కొత్త బండి కొన్నా ఆ దిష్టి వచ్చి పడేది నా ఇంటి ముందరే. ఎర్రగుడ్డ ముక్క, దానిమీద బోర్లించిన కొబ్బరిచిప్ప, కుంకుమ పూసిన నిమ్మచెక్కలు. తొక్కితే వాళ్ళ కీడు మనకు అంటుతుందని అందరూ దూరంగా చుట్టి పోతారు. బైకువాళ్ళు వంపు తిప్పుకుని పోతారు. రోడ్డు ఊడ్చే మనిషి కూడా చుట్టూ ఊడ్చి, దాన్ని మాత్రం అట్లే వదిలేసి పోతుంది. ఎదురింటి మెహబూబున్నీసాను ఒకసారి అడిగాను, మీకూ దీని భయముందా అని. “మాలో నజర్ అంటామక్కా. పేరే వేరే, భయం ఒకటే,” అంది.

ఆ రోజు నేను చుట్టి పోలేదు. ఇంతకన్నా నాకు అంటుకోవాల్సిన కీడేముంది? మొగుడు పోయాడు, కొడుకు మీద దొంగ ముద్ర పడింది, మజ్జిగ ఇచ్చి మరీ వెళ్ళగొట్టారు. “థూ, మీ దిష్టి మీకే తగల!” అని ఆ చిప్పను ఎడమకాలితో ఒక్క తన్ను తన్నాను.

చిప్ప దొర్లి దిమ్మెకు కొట్టుకుంది. దాని కింద ఉన్నవి చెల్లాచెదరుగా పడ్డాయి. చిన్న చిన్న ప్లాస్టిక్ పొట్లాలు. ఒకటి ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకోవాల్సిన పనిలేదు. ఆ వాసన రెండేళ్ళు నా ఇంట్లో ఉంది.

అప్పుడు చూశాను, నిమ్మచెక్క వంక. కోసిన నిమ్మచెక్క మా ఎండకు పొద్దు గూకేలోపు వడలి నల్లబడాలి. ఇక్కడున్నది ఎప్పుడు చూసినా పచ్చగా, కొత్తగానే ఉండేది. రోజూ వాకిలి చల్లి ముగ్గు వేస్తూ దాన్ని చూస్తూనే ఉన్నాను. ఈ కాలనీలో ఇంతమందికి దిష్టి తగులుతోందా అని నవ్వుకున్నాను కూడా. రోజూ దిష్టి తీయించుకునేంత కళ ఈ కాలనీలో ఎవరి మొహాన ఏడ్చిందని ఒక్కరమూ ఆలోచించలేదు. మా భయాన్నే తాళం కప్పగా వేసి, మా నడిరోడ్డులో, మా కళ్ళ ముందర కొట్టు పెట్టాడు ఎవడో.

పొట్లాలు ఏరి కొంగులో మూట కట్టుకున్నాను. చిప్పను మళ్ళీ గుడ్డ మీద అట్లే బోర్లించాను. ఇంట్లోకి పోయి చింతపండు బుట్ట తెచ్చుకుని గేటు లోపల కూర్చుని గింజలు తీస్తూ చూశాను.

ఎండ ముదిరాక ఒక బైకు వచ్చింది. మా కాలనీవాడు కాదు. వాడు ఫోను మాట్లాడుతున్నట్టు నిలబడి, వంగి చిప్ప లేపి చూసి, తిట్టుకుంటూ పోయాడు. ఇంకొకడు వచ్చాడు, వాడూ అంతే. రెండోవాడు పోతూ ఎవరికో ఫోను చేసి గట్టిగా అరిచాడు. ఆ తర్వాత కాసేపటికే నీళ్ళ ఆటో వచ్చింది.

పవన్ దిగాడు. అటూ ఇటూ చూశాడు. మధ్యాహ్నం ఎండలో వీధి ఖాళీగా ఉంది. చిప్పను ఒంటిచేత్తో తీశాడు, గుడ్డ కొస ఎత్తి దులిపాడు. భయం లేదు, జంకు లేదు. పెనం మీది దోశ తిప్పినంత సులువుగా తిప్పాడు. వీడు నా బిడ్డను ఎత్తుకుని ఆడించినవాడు. వాడికి సైకిలు నేర్పింది వీడే.

గేటు తీసుకుని బయటికి పోయాను. “ఎవురి దిష్టిరా పవనూ అది?”

ఉలిక్కిపడి చిప్ప వదిలేశాడు. వేళ్ళకు కుంకుమ. “ఏం ల్యా చిన్నమ్మా. టైరు కిందికి వస్తాదేమోనని పక్కకు పెడ్తాండా.”

“మీ నాయన కూడా ముట్టడు దాన్ని. నువ్వు బలే ముట్టినావే. దాని కింద ఉండాల్సింది నా కొంగులో ఉందిలే, వెతకబాకు.”

వాడి మొహంలో జాలి, మర్యాద అన్నీ ఒక్కసారి దిగిపోయాయి. లోపల అసలు మనిషి కనబడ్డాడు. దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

“ఉంటే ఏం జేస్తావు? ఎవురికి చెప్తావు? గంజాయి తాగి సెంటర్లో చేరినోడు మీ ఇంట్లో ఉండాడు, మా ఇంట్లో గాదు. సరుకు దొరికింది నీ కొంగులో. కాలనీ ఎవురిని నమ్ముతాదో నువ్వే ఆలోచించుకో. గమ్మున పారేసి, హర్షను ఊరికి పంపు. వాని మంచికే చెప్తాండా.”

ఆటో ఎక్కి పోయాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు, అదే నన్ను చంపింది. ఆ మూట ఎవరి చేతిలో పెట్టినా హర్ష మెడకే చుట్టుకుంటుంది. కాలువలో పారేస్తే ఆదివారానికి వాడిని ఊరు దాటిస్తారు. ఎటు చూసినా నా బిడ్డే.

ఇంట్లోకి పోయి చాట తీసుకొచ్చాను. గుడ్డ, చిప్ప, నిమ్మచెక్కలు, పొట్లాలు అన్నీ అందులో పెట్టుకుని, సాయంత్రం సంఘం ఆఫీసులో నలుగురూ చేరే వేళకు వీధి నడుమ నడుచుకుంటూ పోయాను. చాటలో ఉన్నది చూసి ఆడవాళ్ళు పిల్లలను లోపలికి లాక్కున్నారు. మెహబూబున్నీసా మాత్రం చెప్పులేసుకుని నా వెనకే, పది అడుగుల దూరంలో వచ్చింది.

చాట తీసుకుపోయి టేబుల్ మీద పెట్టేసరికి కుర్చీలన్నీ గోడకు జరిగాయి.

“అమ్మా! దేవుని పటాలుండే చోటికి ఆ దరిద్రం తెస్తావా!” అన్నాడు శేషగిరి సారు.

“ఈ దరిద్రం మన నడిరోడ్డులో ఎండాకాలం నుంచి ఉంది సారూ. మీ కోడలి గొలుసు తెంపినోడు దీన్ని తాగే తెంపినాడు. చూడండి.” చిప్ప పక్కకు తీసి పొట్లాలు చూపించాను. “గంజాయి అమ్మేటోడు మన కాలనీలోనే ఉండాడు. వాడెవుడో తేల్చడం శానా సులువు. ఈడుండే మొగోళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి ఈ చిప్పను చేత్తో ముట్టండి. మీకు భయం, ముట్టలేరు. రోజూ ముట్టేటోనికి భయముండదు. రా బావా, అధ్యక్షునివి, మొదట నువ్వే రా.”

నారాయణ బావ కదల్లేదు. “ఏందీ పిచ్చి?”

“సరే. పవనూ, నువ్వు రా. మధ్యాన్నం ముట్టినావు గదా, ఇప్పుడు ముట్టు.”

“నేనెందుకు ముడ్తా?” పవన్ తండ్రి వైపు తిరిగాడు. “నాయనా, చూస్తాండావు గదా. కొడుకు బయటపడ్తాడని నా మీద తోస్తాంది. సరుకు ఆమె చేతిలో ఉంది. యాడనుంచి వచ్చింది? ఆ హర్షనే పిలిపించండి, వాన్నే ముట్టమనండి!”

“ఔ, వాన్ని పిలవండి,” అని అందరూ అందుకున్నారు. ఎవరో పరుగెత్తారు. హర్ష అప్పుడే పని నుంచి వచ్చినట్టున్నాడు, మొహం కూడా కడుక్కోలేదు. ప్యాంటు అంచులకు ఉత్తరేణి గింజలు అందరికీ కనబడుతున్నాయి. శేషగిరి సారు వాటినే చూపించాడు. “చూడండి, మళ్ళ కంపల్లో నుంచే!”

“ముట్టరా హర్షా,” అన్నాను. వీడు కూడా జంకుతాడు, అందరిలాగే జంకుతాడు, అంతటితో తేలిపోతుందని నా ఆశ.

వాడు చాట వంక చూశాడు. చూడగానే రెండు అడుగులు వెనక్కి వేసి, చేతులు రెండూ వీపు వెనక పెట్టుకున్నాడు.

“నేను ముట్టను మా.”

“దిష్టంటే భయమా?” పవన్ నవ్వాడు.

“దిష్టి గాదు. దాని కింద ఏముంటాదో నాకు తెల్సు.”

గదిలో ఒక్కసారిగా గోల లేచింది. తెలుసంటున్నాడు, తెలుసంటున్నాడు అని. గోల ఆపమని నారాయణ బావ చెయ్యెత్తాడు. అయిపోయింది, నా చేత్తో నేనే తెచ్చి వాడి నెత్తిన పెట్టానని అనుకున్నాను.

“ఔ, తెల్సు,” అన్నాడు హర్ష. అరవలేదు. “సెంటర్‌కు పోకముందు నేను కొన్యాది ఆడనే. ఆ చిప్ప ఎన్నిసార్లు ఎత్తినానో లెక్క ల్యా. పెట్టేటోడు అప్పుడు ఎవుడో, ఇప్పుడూ వాడే. వానికి తెల్సు, నాకు తెల్సు.” పవన్ వైపు చూడలేదు. నా వైపు చూస్తున్నాడు. “తిరిగొచ్చిన రోజు రోడ్డున పోతే అది అట్లనే ఉంది మా. వంగితే దొరుకుతాది. చెయ్యి గుంజుతాంది. ఆ పొద్దు ఎట్లనో వంగకుండా వచ్చినా గానీ, ఒళ్ళంతా చెమట. రోజూ దాని పక్కన పోతే ఒగ రోజు వంగుతానని తెల్సు. అందుకే కాల్వ గట్టున పోతాండా.”

శేషగిరి సారు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“నాకెందుకు చెప్పలేదురా?” అన్నాను.

“చెప్తే, నీకెట్ల తెల్సురా అంటావు. మళ్ళ జేబులు వెతుకుతావు.”

ఆ మాటకు నేను చచ్చిపోయినా బాగుండేది. నేను ఒక్కొక్కటే ఏరి, అనుమానంగా చూసి, చెత్తలో పారేసిన ఆ గింజలన్నీ నా కొడుకు వంగకుండా గడిపిన రోజులు.

“వాడు చెప్తే నమ్మాల్నా?” పవన్ గొంతు పెరిగింది.

“నేను గూడా చూసినా,” అంది తలుపు దగ్గర నుంచి మెహబూబున్నీసా. “మిద్దె మీద మిరపకాయలు ఆరబెడ్తాంటే చూసినా. నీళ్ళ ఆటో ఆపి పవన్ ఆ చిప్ప ఎత్తి గుడ్డ దులిపినాడు. ఖుదా సాక్షి.”

నారాయణ బావ కొడుకు మొహం చూశాడు. తండ్రి కదా, తెలిసిపోయింది. మనిషి ఒక్క క్షణం కుంగి, వెంటనే సర్దుకున్నాడు. లేచి వచ్చి నా పక్కన నిలబడి, గొంతు తగ్గించాడు.

“సుబ్బమ్మా, ఇది మనింటి మాట. మనలో మనం తేల్చుకుందాం. హర్ష ఈడనే ఉంటాడు. వాన్ని ఇంగ ఎవురూ ఒక్క మాట అనరు, అది నా పూచీ. పవన్ సంగతి నేను చూసుకుంటా. ఈ చాట తీస్కపోయి కాల్వలో పారబొయ్యి.”

పొద్దున నేను ఆయన వాకిట్లో నిలబడి అడుక్కున్నది ఇదే. ఇప్పుడు ఆయనే అడుక్కుంటూ ఇస్తున్నాడు. తీసుకుంటే నా కొడుకు పేరు ఏ స్టేషన్లోనూ పడదు. పోలీసులను పిలిస్తే వాడు కొన్నానని చెప్పాలి, అది ఊరంతా పాకుతుంది, రేపు పని ఇచ్చినవాడు పొమ్మన్నా పొమ్మనవచ్చు. నా చెయ్యి చాట మీదికి పోయింది. అబద్ధమెందుకు, పోయింది.

“పారబోస్తే రేపు ఇంకో చిప్ప పెడ్తారు మా,” అన్నాడు హర్ష. “నేను ఎన్ని దార్లని తిరుక్కోని పోవల్ల?”

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“మనలో మనం అనుకునే గద బావా, మన ఊర్లల్ల ఇన్ని కొంపలు ఆరిపాయె. నా కొడుకును పట్టిస్తానన్యాప్పుడు మనిల్లు గుర్తు రాల్యా నీకు? నీ కొడుకు కాడికొచ్చేసరికి మనిల్లయిందా? మెహబూబ్, పోలీసులకు ఫోను కలుపు. ఎవుడు అడ్డమొస్తాడో నేనూ చూస్తా. అడ్డమొస్తే ఈ చాట తీసి నెత్తిన బోర్లిస్తా!”

పవన్ తలుపు వైపు కదిలాడు. నేను చాట ఎత్తుకుని అడ్డంగా నిలబడ్డాను. అంత బలమున్నవాడు, నన్ను తోసేస్తే పోయేవాడే. కానీ అంతలో శేషగిరి సారు లేచి వచ్చి నా వెనక తలుపు గొళ్ళెం వేశాడు.

పోలీసులు వచ్చారు. చాటతో సహా తీసుకుపోయారు. వాటర్ ప్లాంటులో, వాడని క్యాన్ల వెనక గోతం నిండా దొరికిందట. హర్ష స్టేషనుకు వచ్చి తాను కొన్న సంగతి, కొన్నచోటు అన్నీ దాచకుండా చెప్పాడు. నేను పక్కనే కూర్చున్నాను. షాపు యజమాని వాడిని పొమ్మనలేదు. అలాగని దగ్గరికీ తీయలేదు. గల్లాపెట్టె వైపు రావద్దన్నాడట.

కాలనీ మాకు దండలేమీ వెయ్యలేదు. పొలం కోసం ఒకరినొకరు చంపుకున్నా బయట పడనివ్వని వంశం మాది, అలాంటిది ఇంటివాడిని పోలీసులకు పట్టించిన ఆడది అని నాకు పేరొచ్చింది. నారాయణ బావ ఇంటివాళ్ళు నా గాలి కూడా తగలనివ్వడం లేదు. తెల్లారి వాకిలి చల్లుతుంటే పక్కింటావిడ తలుపు మూసుకుంది. మూసుకోనీ. ఆ తలుపు తెరిచి ఉన్నప్పుడు నాకు ఒరిగింది ఏమీ లేదు.

ఆ పొద్దున నేను మూడు దార్ల దగ్గరికి పోయి, దిమ్మె చుట్టూ పేడనీళ్ళు చల్లి, ఎర్రమరక పోయేదాకా చీపురుతో రుద్ది, పెద్ద ముగ్గు వేశాను. హర్ష టిఫిన్ క్యారియర్ పట్టుకుని గేటు దగ్గర నిలబడి చూశాడు.

“చూడు, ఏమీ ల్యా ఇంగ. రోడ్డున పోరా,” అన్నాను.

వాడు ఆ ముగ్గు వంక కాసేపు చూశాడు. నుదుట చెమట పట్టింది.

“అది పోయింది మా. ఆ చోటు అట్లనే ఉంది గదా,” అని వెనక వాకిలి వైపు తిరిగాడు. “ఇంగ కొన్నాళ్ళు గట్టునే పోతా.”

నేను వాడి జేబు వైపు చూడలేదు. లోపలికి పోయి, మా ఆయన చేను పనులకు వాడిన మచ్చుకత్తి వెతికి, రాయి మీద నూరాను. కాలువ గట్టుకు పోయి, ఇంటి వెనక నుంచి రోడ్డు దాకా, వాడు నడిచే దారికి అడ్డమొచ్చిన కంపనంతా నరకడం మొదలుపెట్టాను. చేతులు గీసుకుపోయాయి. మిద్దెల మీద నుంచి చూసేవాళ్ళు చూశారు, ఒక్కరూ దిగి రాలేదు. సాయంత్రం వాడు వచ్చేసరికి సగం దారి అయింది. మిగతా సగం నుంచి అంటించుకొచ్చిన గింజలు ప్యాంటు అంచున ఉన్నాయి. కూర్చోబెట్టి, ఒక్కొక్కటే నేనే ఏరాను.